పాకలో చాకిరి వేరు, పొద్దుటి నడక వేరు

(గర్భిణీ స్త్రీల రక్తనాళాల ఆరోగ్యం గురించి సంఘ సభ్యులకు)

చూడి గేదెను ఎలా చూసుకోవాలో మన సభ్యులకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఈనడానికి రెండు నెలల ముందే పాలు తీయడం ఆపి వట్టిపోనిస్తాము. దాణా కాస్త పెంచుతాము. బురదలో జారకుండా, పక్క గేదెలు కుమ్మకుండా విడిగా కట్టేస్తాము. అలాగని రోజంతా గుంజకే కట్టి ఉంచము. చూడి పశువుకు రోజూ కొంత నడక ఉండాలని పశువైద్యులు చెబుతారు. మనమూ కాలవ దాకా తోలుకెళ్ళి, నింపాదిగా నడిపించి తీసుకొస్తాము.

అదే ఇంట్లో కోడలు నీళ్ళోసుకున్నదంటే మాత్రం ఈ తెలివి మనకు అంతగా గుర్తుకు రాదు. కొన్ని ఇళ్ళలో "వట్టి మనిషి కాదు, కదలకూడదు" అని మంచం దిగనివ్వరు. మరికొన్ని ఇళ్ళలో "పని చేస్తేనే కాన్పు తేలిక" అని తొమ్మిదో నెల దాకా గడ్డి మోపులు మోయిస్తారు. ఇద్దరి ఉద్దేశమూ మంచిదే. కాని ఈ రెండు పద్ధతుల వల్లా తల్లికీ బిడ్డకూ అందవలసిన మేలు అందడం లేదు.

గర్భిణి రోజూ అరగంట చురుకుగా నడవాలని చెబితే మన సభ్యురాండ్ర నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: "తెల్లవారుజామున లేచి పేడ ఎత్తి, గడ్డి వేసి, పాలు పితికి, కేంద్రానికి పోసి వస్తాము. సాయంత్రం మళ్ళీ అదే పని. ఇంతకంటే వ్యాయామం ఏముంది?" చాలా న్యాయమైన ప్రశ్న. దీనికి సూటిగా జవాబు చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాము. ముందుగా, గర్భం ధరించినప్పుడు స్త్రీ శరీరంలో రక్తం ఎలా పారుతుందో తెలుసుకుందాము.

శివారు భూమికి నీరు

గేదె పొదుగులో ఒక లీటరు పాలు తయారు కావాలంటే సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం ఆ పొదుగు గుండా పారాలని పాడి శాస్త్రం చెబుతుంది. తల్లి కడుపులో బిడ్డ పెరగడం కూడా ఇలాగే రక్తం పారుదల మీద ఆధారపడిన పని. గర్భిణి శరీరంలో రక్తం అంతకు ముందు కంటే లీటరు నుంచి లీటరున్నర దాకా ఎక్కువవుతుంది. గుండె నిమిషానికి పంపే రక్తం నూటికి 30 నుంచి 50 వంతులు పెరుగుతుంది. నెలలు నిండేసరికి ఒక్క గర్భసంచికే నిమిషానికి అరలీటరుకు పైగా రక్తం అందుతూ ఉంటుంది.

ఇంత రక్తం అదనంగా పారుతున్నా, ఆరోగ్యవంతురాలైన గర్భిణికి బి.పి. పెరగదు. పైగా నాలుగు, ఐదు నెలల్లో కొంచెం తగ్గుతుంది. చివరి నెలల్లో మళ్ళీ మామూలు స్థితికి వస్తుంది. దీనికి కారణం రక్తనాళాలు మెత్తబడి వెడల్పు కావడమే. ముఖ్యంగా గర్భసంచి గోడలో మెలికలు తిరిగి ఉండే సన్నని రక్తనాళాలను మాయ నుంచి వచ్చే కణాలు కొత్తగా మలుస్తాయి. వాటి గోడల్లోని కండర భాగం తగ్గిపోయి, అవి వెడల్పయిన కాలవలవుతాయి. ఈ పని చాలావరకు ఐదో నెల నాటికి పూర్తవుతుంది.

మనం కృష్ణా డెల్టా చివరి వాళ్ళము. ప్రకాశం బ్యారేజి దగ్గర నీరు ఎంత వదిలినా, బందరు శివారు పొలానికి చేరాలంటే మధ్యలో కాలవలు బాగుండాలి. పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమలోకి వచ్చిన నీరు కోడూరు, నాగాయలంక చివరి మడికి అందాలన్నా అంతే. పూడిక పడి కాలవ ఇరుకైతే పైన నీటిమట్టం పెరిగి గట్లు తెగుతాయి, కింద మడి ఎండుతుంది. గర్భిణి విషయంలో బిడ్డ శివారు రైతు వంటిది. రక్తనాళాలు బిగుసుకుని ఇరుకైతే పైన తల్లికి బి.పి. పెరుగుతుంది, కింద బిడ్డకు పోషణ తగ్గుతుంది.

ఐదో నెల దాటిన తరువాత బి.పి. 140/90 గాని అంతకు మించి గాని ఉండి, మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలైనా, లివరు, మూత్రపిండాలు వంటి అవయవాలు దెబ్బతింటున్న సూచనలు కనిపించినా, దానిని వైద్యులు ప్రీ ఎక్లాంప్సియా అంటారు. అది ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా. మన పెద్దలు గుర్రపువాతం అని భయపడింది దీనికే. ప్రపంచం మొత్తం మీద గర్భిణీ స్త్రీలలో నూటికి 2 నుంచి 8 మంది దాకా ప్రీ ఎక్లాంప్సియా వస్తుందని అంచనా. కాన్పు సమయంలో తల్లుల మరణాలకు అధిక రక్తస్రావం తరువాత పెద్ద కారణాలలో అధిక రక్తపోటు ఒకటి.

దీని మూలం మాయలో ఉన్నదని పరిశోధకులు గుర్తించారు. రక్తనాళాలు సరిగ్గా వెడల్పు కాక మాయకు రక్తం చాలకపోతే, మాయ నుంచి కొన్ని పదార్థాలు తల్లి రక్తంలోకి చేరి ఒళ్ళంతా ఉన్న రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. వాటిలో ముఖ్యమైన ఒక ప్రొటీన్ పాత్రను 2003లో బోస్టన్‌లో పనిచేస్తున్న డాక్టర్ అనంత్ కరుమంచి గారి బృందం బయటపెట్టింది. ఆయన మద్రాసులో వైద్యం చదివినవారు.

నడకకూ రక్తనాళానికీ సంబంధం ఏమిటి?

రక్తనాళం ఇనుప గొట్టం వంటిది కాదు. దాని లోపలి పొరలో ప్రాణమున్న కణాలు ఉన్నాయి. వాటి మీదుగా రక్తం వేగంగా, ఒకే తీరున పారినప్పుడు ఆ ఒరిపిడిని అవి గుర్తిస్తాయి. గుర్తించి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కొద్దికొద్దిగా విడుదల చేస్తాయి. ఆ వాయువు రక్తనాళం గోడలోని కండరాన్ని సడలిస్తుంది, నాళం వెడల్పవుతుంది. మన శరీరంలో ఇంత పనిచేసేది ఈ వాయువేనని కనిపెట్టినందుకు 1998లో ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి వచ్చింది.

చురుకుగా నడిచేటప్పుడు కాళ్ళ పెద్ద కండరాలు లయగా బిగుస్తూ, వదులవుతూ ఉంటాయి. గుండె వేగం పెరుగుతుంది. ఇరవై ముప్పై నిమిషాలపాటు రక్తం హెచ్చుగా, ఆగకుండా ప్రవహిస్తుంది. నాళాల లోపలి పొరకు ఇది రోజువారీ సాధన. కొన్ని వారాలు ఇలా చేస్తే నాళాలు అవసరమైనప్పుడు సులువుగా సాగడం నేర్చుకుంటాయి. గాలి బాగా పీల్చుకుంటూ, కండరాలకు ప్రాణవాయువు నిరంతరం అందేలా చేసే ఇటువంటి శ్రమనే ఏరోబిక్ వ్యాయామం అంటారు. నడక, ఈత, నిలిపి ఉంచిన సైకిలు తొక్కడం ఈ కోవలోనివి.

నాళం ఎంత సాగుతుందో కొలిచే పద్ధతి కూడా ఉన్నది. ముంజేతికి బి.పి. పట్టీ బిగించి ఐదు నిమిషాలు రక్తం ఆపి, ఒక్కసారిగా వదులుతారు. లాకు తలుపు ఎత్తినట్లు రక్తం పరుగెత్తుతుంది. అప్పుడు చేతి రక్తనాళం ఎంత వెడల్పయిందో స్కానింగ్‌లో చూస్తారు. కొలంబియా దేశంలో గర్భిణీ స్త్రీల చేత 16 వారాలపాటు ఏరోబిక్ వ్యాయామం చేయించి ఈ పరీక్ష జరిపారు. వ్యాయామం చేసినవారి నాళాలు మెరుగ్గా సాగుతున్నట్లు 2011లో ప్రకటించారు.

మరి పాకలో పని?

ఇప్పుడు మన సభ్యురాండ్ర ప్రశ్నకు వద్దాము. పాకలో చేసే పనిలో శ్రమ తక్కువని మేము అనడం లేదు. శ్రమ ఎక్కువే. కాని ఆ శ్రమ తీరు వేరు.

పాలు పితికేటప్పుడు గొంతుకు కూర్చుంటారు. మోకాళ్ళు మడిచి ఉండడం వల్ల కాళ్ళ నుంచి రక్తం పైకి తిరిగి రావడం మందగిస్తుంది. పిక్కల కండరాలు కదలవు. చేతివేళ్ళు, ముంజేతులు మాత్రమే అలసిపోతాయి. పచ్చిగడ్డి మోపు ఎత్తేటప్పుడు, కుడితి బిందె లేపేటప్పుడు తెలియకుండానే ఊపిరి బిగబడతాము. ఆ క్షణంలో బి.పి. ఒక్కసారిగా పైకి లేస్తుంది, పొట్ట లోపల ఒత్తిడి పెరుగుతుంది, నడుం మీద భారం పడుతుంది. కేంద్రం దగ్గర వరసలో ఎక్కువసేపు నిలబడితే రక్తం కాళ్ళలో నిలిచిపోయి పాదాలు వాస్తాయి. ఇవేవీ రక్తనాళానికి కావలసిన నిలకడైన ప్రవాహాన్ని ఇవ్వవు. పైగా విశ్రాంతి లేకుండా చేసే బరువు పని తల్లి తిన్న తిండిని తినేస్తుంది.

ఈ మాటకు మన దేశంలోనే ఆధారం ఉన్నది. పూనా దగ్గర ఆరు గ్రామాలలో వ్యవసాయ కుటుంబాల గర్భిణీ స్త్రీలు రోజంతా చేసే పనులను పరిశోధకులు లెక్కగట్టారు. పొలం పని, నీళ్ళు మోయడం వంటి శ్రమ ఎక్కువగా ఉన్న తల్లుల బిడ్డలు తక్కువ బరువుతో పుట్టినట్లు 2003లో ప్రకటించారు. తల్లులు బక్కపలచనివారు, తిండి అంతంతమాత్రం, పని మాత్రం తగ్గలేదు. మన పాడి ఇళ్ళకు ఇది హెచ్చరిక వంటిది.

రెండో వైపు చూస్తే, కెనడాలో మార్గీ డావెన్‌పోర్ట్ గారి బృందం అనేక దేశాలలో జరిగిన ప్రయోగాలను కలిపి 2018లో లెక్క తేల్చింది. ఒక పద్ధతి ప్రకారం వ్యాయామం చేసిన గర్భిణులలో బి.పి. పెరిగే అవకాశమూ, ప్రీ ఎక్లాంప్సియా వచ్చే అవకాశమూ సుమారు 40 వంతులు తగ్గినట్లు కనిపించింది. గర్భంతో ఉన్నప్పుడు వచ్చే చక్కెర వ్యాధి విషయంలోనూ దాదాపు అంతే మేలు కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యరకం ఏరోబిక్ శ్రమ చేయాలని సలహా ఇచ్చింది. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులన్నమాట.

ఈ రెండు సంగతులూ ఒకదానికొకటి విరుద్ధం కావు. కడుపునిండా తిని, బరువు లేకుండా, హాయిగా ఊపిరి పీలుస్తూ నడిచే అరగంట మందు వంటిది. అరకొర తిండితో గంటల తరబడి వంగి, ఎత్తి, మోసే చాకిరి మందు కాదు. చాకిరి మీద నడక కలిపితే అది మూడో బరువు అవుతుంది. చాకిరిలో కొంత తీసివేసి ఆ చోట నడక పెట్టాలి. మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

ఎలా నడవాలి?

ముందుగా ఆసుపత్రిలో చూపించుకుని, నడవవచ్చునా అని అడగాలి. అభ్యంతరం లేదంటే ఈ పద్ధతి పాటించవచ్చు.

1. అలవాటు లేనివారు మొదటి వారం పది నిమిషాలతో మొదలుపెట్టాలి. వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ అరగంటకు రావాలి. ఒక్కసారి కుదరకపోతే ఉదయం పావుగంట, సాయంత్రం పావుగంట నడవవచ్చు.

2. వేగం ఎంత అన్నదానికి గడియారం అక్కరలేదు. నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనంత ఆయాసం ఉండాలి. మాట కూడా రాకపోతే వేగం ఎక్కువైనట్లు. 1985లో అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం గర్భిణి గుండె నిమిషానికి 140 సార్లకు మించి కొట్టుకోకూడదని హద్దు పెట్టింది. అనుభవం మీద 1994లో ఆ హద్దును తొలగించింది. ఇప్పుడు మాట పరీక్షే సులువైన కొలమానం.

3. మన ప్రాంతంలో ఎండకంటే ఉక్క ప్రమాదం. చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. కావున ఎండ ముదరక ముందు గాని, సాయంత్రం పొద్దు వాలిన తరువాత గాని నడవాలి. పరగడుపున నడవవద్దు. బయలుదేరే ముందూ, వచ్చిన తరువాతా మంచినీళ్ళో మజ్జిగో తాగాలి. వడగాడ్పుల రోజుల్లో బయటికి పోకుండా వరండాలోనే అటూ ఇటూ నడవవచ్చు.

4. దారి వెడల్పుగా, చదునుగా ఉండాలి. పొలం గట్లు, చేపల చెరువుల గట్లు వద్దు. నెలలు పెరిగేకొద్దీ పొట్ట ముందుకు వచ్చి తూకం తప్పుతుంది. వానకు నల్లమట్టి జిగురై జారుతుంది. ఊళ్ళో సిమెంటు రోడ్డు గాని, బడి ఆవరణ గాని మేలు. 2018 వానాకాలంలో దివిసీమలో పాముకాట్లు ఎంత ఎక్కువైనాయో సభ్యులు మరచిపోలేదు. మసక వెలుతురులో నడిచేవారు కాళ్ళకు చెప్పులు, చేతిలో టార్చిలైటు లేకుండా కదలకూడదు.

5. తోడు లేకుండా నడవవద్దు. అత్తగారో, తోడికోడలో, ఆశా కార్యకర్తో వెంట ఉంటే మంచిది. వెంట నడిచే అత్తగారి బి.పి.కి కూడా ఆ నడక మేలే చేస్తుంది. సాయంత్రం బయటికి వెళితే గాలి సోకుతుందని భయపడే పెద్దలకు కూడా తోడు ఉంటే ధైర్యంగా ఉంటుంది.

6. ఐదో నెల దాటాక వెల్లకిలా పడుకుని చేసే వ్యాయామాలు వద్దు. గర్భసంచి బరువు వెనుక ఉన్న పెద్ద రక్తనాళం మీద పడి గుండెకు రక్తం తగ్గుతుంది, కళ్ళు తిరుగుతాయి.

పాలకేంద్రానికి నడిచి వెళ్ళడం కూడా నడకే. కాని చేతిలో ఉన్న క్యాను చిన్నదై ఉండాలి, దారిలో ఆగకుండా నడవాలి. నలభై లీటర్ల క్యాను పాలతో నిండితే నలభై కిలోలు దాటుతుంది. దానిని ఎత్తడం, దింపడం గర్భిణి చేయవలసిన పని కాదు. పశువును కట్టడం, విప్పడం, తన్నే గేదెకు పాలు తీయడం కూడా ఇతరులకు అప్పగించాలి. పొట్ట మీద ఒక్క తన్ను తగిలినా ప్రాణాపాయమే.

ఎవరు నడవకూడదు? ఎప్పుడు ఆపాలి?

నడక అందరికీ ఒకే తీరున పనికిరాదు. ప్రీ ఎక్లాంప్సియా ఇప్పటికే ఉన్నవారు, బి.పి. అదుపులో లేనివారు, గుండె జబ్బు ఉన్నవారు, మాయ కిందికి ఉన్నదని చెప్పినవారు, రక్తస్రావం అవుతున్నవారు, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేసినవారు, నెలలు నిండకుండా నొప్పులు వచ్చినవారు డాక్టరు చెప్పనిదే వ్యాయామం చేయకూడదు. కవల పిల్లలున్నవారు, రక్తం బాగా తక్కువ ఉన్నవారు కూడా అడిగి తెలుసుకోవాలి. రక్తహీనత మన ఇళ్ళలో ఎక్కువ కాబట్టి, హిమోగ్లోబిన్ ఎంత ఉన్నదో తెలియకుండా వేగంగా నడవడం మొదలుపెట్టవద్దు.

నడుస్తూ ఉండగా రక్తం కనిపించినా, నీరు పోయినా, గుండెలో నొప్పి, కళ్ళు తిరగడం, తలనొప్పి, ఆగి ఆగి వచ్చే కడుపు నొప్పులు ఉన్నా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, బిడ్డ కదలిక తగ్గినట్లు తోచినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

వెన్న శాతం చూసినట్లే బి.పి. చూడాలి

నడుస్తున్నాము కదా అని ధీమాగా ఉండడం పెద్ద పొరపాటు. నడక ముప్పును తగ్గిస్తుంది గాని పూర్తిగా తీసివేయదు. ఎంత జాగ్రత్తగా ఉన్నా కొందరికి ప్రీ ఎక్లాంప్సియా వస్తుంది. తొలిచూలువారికి, కిందటి కాన్పులో బి.పి. వచ్చినవారికి, ముందు నుంచి బి.పి., చక్కెర, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కవలలున్నవారికి ఈ ముప్పు ఎక్కువ. ఇటువంటివారు మూడో నెలలోనే డాక్టరుకు చెబితే, అవసరమైనవారికి తక్కువ మోతాదు ఆస్పిరిన్ మాత్ర రాస్తారు. అది సొంతంగా వేసుకునే మందు కాదు.

ఒక ఇంటి సంగతి ఊహించుకుందాము. ఎనిమిదో నెల కోడలు రెండు రోజులుగా తల నొప్పి అంటున్నది. ఎండ దెబ్బ అనుకుని అమృతాంజనం రాశారు. మొహం ఉబ్బితే ఒంటికి నీరు పట్టింది, మామూలే అన్నారు. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయంటే నీరసం అనుకుని పడుకోబెట్టారు. అర్ధరాత్రి ఫిట్స్ వచ్చాయి. ఆ ఇంట్లో ప్రేమకు లోటు లేదు. లేనిదల్లా ఒక్కసారి బి.పి. చూపించడమే.

పాలను కంటితో చూసి వెన్న శాతం చెప్పగలవాడు లేడు. అందుకే పూట పూటా పరీక్ష చేయిస్తాము. మనిషి మొహం చూసి బి.పి. చెప్పడం కూడా అంతే అసాధ్యం. బి.పి. పెరిగిన గర్భిణికి చాలాకాలం ఏ బాధా తెలియకపోవచ్చు. అందుచేత పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ బి.పి., బరువు, మూత్రం చూపించుకుని తల్లీబిడ్డల కార్డులో రాయించుకోవాలి. చూసే ముందు ఐదు నిమిషాలు కూర్చుని ఉండాలి. నడిచి వచ్చిన వెంటనే చూస్తే ఎక్కువగా కనిపిస్తుంది.

2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రులలో గర్భిణీ స్త్రీలకు ఉచితంగా పరీక్షలు జరుగుతున్నాయి. 2023లో వైద్య కళాశాల ప్రారంభమైన బందరుతోపాటు గుడివాడ, అవనిగడ్డలలో కూడా ప్రభుత్వాసుపత్రులున్నాయి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, మొహం చేతులు హఠాత్తుగా ఉబ్బడం, ఫిట్స్ — వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయాలి. నాగాయలంక, కోడూరు వంటి చివరి ఊళ్ళవారు మరీ ఆలస్యం చేయకూడదు. కాన్పు అయిన తరువాత కూడా ఆరు వారాల దాకా ఈ ముప్పు ఉంటుందని పుట్టింటివారు గుర్తుంచుకోవాలి.

కేంద్రానికి పోసే ముందు

రక్తనాళాల ఆరోగ్యానికి సున్నం, అంటే కాల్షియం, చాలా అవసరం. ఆహారంలో కాల్షియం తక్కువగా ఉండే ప్రాంతాలలో గర్భిణులకు దానిని అదనంగా ఇస్తే ప్రీ ఎక్లాంప్సియా తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అందుకే ప్రభుత్వాసుపత్రులలో నాలుగో నెల నుంచి రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇస్తారు. వీటిని భోజనం తరువాత వేసుకోవాలి. ఐరన్ మాత్రను వీటితో కలిపి గాని, పాలతో, టీతో గాని వేసుకోకూడదు. రెండింటికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

అరలీటరు గేదె పాలలో సుమారు 600 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పూటకు నాలుగైదు లీటర్లు పోసే ఇంట్లో గర్భిణికి టీలో కలిపే పాలు తప్ప మరేమీ మిగలకపోవడం మనకు తెలియని విషయం కాదు. పాలబిల్లు కొన్ని రూపాయలు తగ్గుతుందని వెనుకాడవద్దు. కేంద్రానికి బయలుదేరే ముందే ఆమె అరలీటరు తీసి కాచి పక్కన పెట్టాలి. పెరుగుగానో మజ్జిగగానో తీసుకున్నా మేలే. అయితే పాలు తాగుతున్నామని మాత్రలు మానవద్దు.

ఆ అరగంట ఎవరివ్వాలి?

ఇంతవరకు చదివిన సభ్యురాలు "అంతా బాగుంది గాని, ఆ అరగంట నాకు ఎక్కడిది?" అని అడిగితే, జవాబు ఆమె దగ్గర లేదు. ఆ ఇంట్లోని మిగతావారి దగ్గర ఉన్నది. రెండు పూటలా గడ్డి మోపు, పేడ తట్ట, కుడితి బిందె భర్తో మరిదో మామగారో అందుకుంటే అరగంట అదే దొరుకుతుంది. ఒక పూట పాలు వేరొకరు పితికితే ఇంకొంత విశ్రాంతి కూడా దొరుకుతుంది. తొమ్మిది నెలల పాటు పంచుకునే ఈ పనికి ఖర్చు లేదు.

సంఘాలు కూడా కొంత చేయవచ్చు. గర్భిణీ సభ్యురాండ్రను వరసలో నిలబెట్టకుండా ముందుగా పాలు పోయించుకోవడానికి తీర్మానం అక్కరలేదు, కార్యదర్శి మాట చాలు. కేంద్రం దగ్గర ఒక బెంచీ వేయించవచ్చు. వీలున్న సంఘాలు ఒక బి.పి. మిషను కొని, ఏ.ఎన్.ఎం. గాని ఆశా కార్యకర్త గాని వచ్చే రోజున కేంద్రం దగ్గరే చూపించుకునే ఏర్పాటు చేస్తే ఆడవారికే కాక ఊరంతటికీ ఉపయోగం.

బిడ్డ పుట్టిన తరువాత ఈ అలవాటు మానవద్దు. డాక్టరు సరే అన్నాక మళ్ళీ మెల్లగా మొదలుపెట్టాలి. గర్భంతో ఉన్నప్పుడు ప్రీ ఎక్లాంప్సియా వచ్చిన స్త్రీలకు తరువాతి కాలంలో గుండెజబ్బు వచ్చే అవకాశం ఇతరులకంటే సుమారు రెట్టింపు. వారు ఏడాదికొకసారైనా బి.పి. చూపించుకుంటూ, నడక కొనసాగించాలి.

చూడి గేదెకు మనం ఇచ్చే మూడు వసతులు మంచి మేత, తగినంత విశ్రాంతి, రోజూ కొంచెం నడక. వీటిని ఇంటి ఆడపడుచుకూ కోడలికీ ఇవ్వడం మనకు కష్టమైన పని కాదు. ఈ వ్యాసాన్ని సంఘ కార్యదర్శులు పాలు పోసే వేళ నలుగురికీ చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము. ముఖ్యంగా మగవారు ఉన్నప్పుడు చదవండి.